మనిషికో రూపాయి

దూబగుంటలో ఆగిన కల్లుబండి నుంచి రోలుగుంట పొదుపు సంఘాల దాకా నడిచిన ముప్పై ఏళ్ళ యథార్థ గాథ. ఘటనలు జరిగినవే. పేరు లేని మనుషుల మాటలు మాత్రం కథనం కోసం రాసుకున్నవి.

"కల్లు పారబొయ్యన్నా."

బండివాడు నవ్వబోయాడు. ఎదురుగా ఒక్క ముఖంలోనూ నవ్వు కనిపించక ఆగిపోయాడు.

"పారబోస్తే నా డబ్బులు ఎవరిస్తారమ్మా?"

"మేమిస్తాం. మనిషికో రూపాయి ఏసుకోని నీ నష్టం కట్టేస్తాం. నువ్వు పారబొయ్యి."

అది 1991. నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని దూబగుంట. దారికి అడ్డంగా వందమంది దాకా ఆడవాళ్ళు నిలబడ్డారు. వాళ్ళను కూడగట్టిన మనిషి వర్ధినేని రోశమ్మ. తిట్టడానికో కొట్టడానికో వచ్చి ఉంటే బండివాడు తిరగబడేవాడేమో. వాళ్ళు బేరం పెట్టారు. నీ సరుకు ఖరీదు మేం భరిస్తాం, మా ఊళ్ళోకి మాత్రం రావద్దన్నారు. అలాంటి బేరం అతనికి అంతకుముందెప్పుడూ తగల్లేదు. బెదిరిపోయాడు. ఆ రోజుతో ఊళ్ళో కల్లు బందయింది.

తర్వాత సారా ప్యాకెట్లతో జీపు వచ్చింది. ఆడవాళ్ళు జీపును చుట్టుముట్టారు. వెనక్కి పోకపోతే కలెక్టరుకు ఫిర్యాదు చేస్తామన్నారు. వ్యాపారి దుకాణం మూసుకుని దారి పట్టాడు.

ఈ ఘట్టాన్ని అందరూ సారా వ్యతిరేక పోరాటానికి నాందిగా చెప్పుకుంటారు. అందులో సందేహం లేదు. బండివాడి ముందు వాళ్ళు పెట్టిన ఆ రూపాయి సంగతి మాత్రం మరుగున పడింది. పూటకు లేని ఇంటి ఆడది తన రూపాయిని పదిమంది రూపాయలతో కలిపి ఒక పని సాధించాలని చూసింది. తర్వాత ముప్పై ఏళ్ళలో తెలుగునేల మీద పేదింటి బతుకు ఎక్కడ మెరుగుపడిందో, ఎక్కడ మళ్ళీ కూలిందో తెలియాలంటే ఆ రూపాయి వెంట నడవాలి.

కూలి ఇంటికి చేరేలోపు

1980ల్లో ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో చవక సారాను ప్యాకెట్లలో సరఫరా చేయించింది. దుకాణాలకు వేలం పాడిన కాంట్రాక్టరు పెట్టిన సొమ్ము రాబట్టుకోవాలంటే అమ్మకం పెరగాలి. అందుకని ప్యాకెట్టు ఊళ్ళోకి వచ్చింది, వీధిలోకి వచ్చింది, కొన్నిచోట్ల పొలం గట్టుకే వచ్చింది. చేతిలో డబ్బు లేనివాడికి అప్పు రాసుకుని ఇచ్చేవారు, కూలి రోజున పట్టుకునేవారు. బిందెడు నీళ్ళ కోసం చాలాదూరం నడిచే ఊళ్ళల్లో సారా కోసం నడవాల్సిన పని ఉండేది కాదు.

పొద్దున ఇద్దరూ పనికి పోయేవారు. సాయంత్రానికి ఒక్క కూలే ఇంటికి చేరేది. అదీ ఆడకూలి, మగకూలి కంటే తక్కువది. ఇద్దరు సంపాదిస్తున్న ఇల్లు ఆ తక్కువ కూలి మీదే నడిచేది. పిల్లవాడికి జ్వరమొస్తే, పైరుకు మందు కావాలంటే, నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీకి చేయి చాపడమే. అంటే ఏడాదికి నూటికి అరవై. ఆదాయం ఎంత ఉన్నా ఆ ఇల్లు కోలుకునే దారి లేదు. పైన పోసిన నీళ్ళు పోసినట్టే అడుగునుంచి కారిపోతున్నాయి.

అలాంటి సమయంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. పేరు అక్షర దీపం. పగలంతా నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్ళు రాత్రి దీపం చుట్టూ కూర్చుని అక్షరాలు దిద్దారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం. తాగుడు ఒక సంసారాన్ని ఎలా మింగేసిందో అందులో ఉంది. చదివినవాళ్ళకు ఆ సీతమ్మ ఎవరో అడగాల్సిన అవసరం రాలేదు. తాగిన మత్తులో మనుషులు ఊరి చెరువులో పడి చనిపోయిన విషాదం కూడా దూబగుంటను అప్పటికే కుదిపేసిందని చెబుతారు. పాఠం ఒకవైపు, చెరువు ఒకవైపు. ఆ రెంటి మధ్య నుంచే వాళ్ళు దారి మీదికి నడిచారు.

దూబగుంటలో జరిగింది "ఆడవాళ్ళు ఏకమైతే" అనే మరో పాఠమైంది. కొత్తగా చదువు నేర్చిన వేలమంది ఆడవాళ్ళు దాన్ని కూడబలుక్కుని చదివారు. చదివి ఊరుకోలేదు. 1992లో పల్లె తర్వాత పల్లె సారాకొట్టు ముందుకు నడిచింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని వేలంపాటలకు అడ్డం పడ్డారు. నెల్లూరు కలెక్టరేట్లో సారా వేలం మళ్ళీ మళ్ళీ వాయిదా పడింది. 1993 ఏప్రిల్ 15న ఆ జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. 1994 ఎన్నికల్లో గెలిచిన ఎన్.టి. రామారావు సంపూర్ణ మద్యనిషేధం ప్రకటించగా, 1995 జనవరి 16 నుంచి అది అమల్లోకి వచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి, 1997లో సడలిపోయింది కూడా. నిషేధం నిలవలేదు. దాని పక్కనే మొలకెత్తిన మరొకటి మాత్రం నిలిచింది.

మిగిలిన రూపాయి

సారా ఆగిన ఇళ్ళల్లో ఒక కొత్త సమస్య పుట్టింది. సాయంత్రం చేతిలో డబ్బు మిగులుతోంది! దాన్ని ఎక్కడ దాచాలి? చూరులో పెడితే మగవాడి కంట పడుతుంది. కొంగున కడితే అంగడి ముందు ముడి విప్పాలనిపిస్తుంది.

కొప్పుల రాజు కలెక్టరుగా ఉండగా నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి మొదలైంది. నియమం ఒక్కటే: రోజుకు రూపాయి. పది పదిహేనుమంది ఒక సంఘం. మొదటి సమావేశాల్లో వినిపించిన మాటలు ఇలాంటివి:

"నా రూపాయి నీ కాడ పెడితే, రేపు లేదంటే ఏం జెయ్యాల?"

"పుస్తకంలో రాసుంటది గదక్కా."

"రాసింది నేను చదవలేనే."

"నిన్నటి దాకా. ఇప్పుడు రాత్రిబడికి పోతన్నావు గదా. నీ పేరు ఎదురుగా ఎంతుందో నువ్వే చూసుకో."

రాత్రిబడిలో నేర్చిన అంకెలకు పని దొరికింది. నెల తిరిగేసరికి ఒక్కొక్కరికి ముప్పై రూపాయలు. పదిహేనుమంది సంఘానికి నాలుగువందల యాభై. ఏడాదికి 5,400. షావుకారుకు నవ్వులాటగా కనిపించే మొత్తమే. కానీ ఆ డబ్బు మీద ఎవరి పెత్తనమూ లేదు. ఎవరికివ్వాలో, ఎంత వడ్డీకివ్వాలో, ఎప్పుడు తీర్చాలో ఆ పదిహేనుమందే కూర్చుని తేల్చుకున్నారు.

వడ్డీ లెక్కలోనే అసలు కిటుకుంది. షావుకారు దగ్గర వెయ్యి తెస్తే నెలకు యాభై వడ్డీ. సంఘంలో నూటికి రెండు రూపాయల చొప్పున తీసుకుంటే ఇరవై. ముప్పై రూపాయలు మిగలడం ఒక లాభం. కట్టిన ఆ ఇరవై ఊరి పొలిమేర దాటకుండా తమ సంఘం సొమ్ములోనే కలవడం రెండో లాభం. అప్పు తీసుకున్నామె వడ్డీ కడుతూనే తన సంఘాన్ని పెంచుతోంది.

ఆడవాళ్ళ సంఘాలు అంతకుముందు లేవని కాదు. కేంద్రం 1982లో ప్రారంభించిన డ్వాక్రా అప్పటికి పదేళ్ళుగా ఉంది. అందులో సంఘం కట్టగానే సర్కారు సొమ్ము వచ్చేది. సొమ్ము కోసం కట్టిన సంఘాలు సొమ్ము అయిపోగానే చెదిరిపోయిన చోట్లు చాలా ఉన్నాయి. నెల్లూరు ఆడవాళ్ళు వరసను తిరగేశారు. ముందు తమ రూపాయి, ఆ తర్వాతే పరాయి రూపాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1992లో, నాబార్డు దేశంలో ఐదువందల సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం మొదలుపెట్టింది. తాకట్టుకు చెవిదుద్దులు కూడా లేని మనిషికి బ్యాంకు ఏ నమ్మకంతో అప్పిస్తుంది? ఆరునెలలు తప్పకుండా దాచిన పుస్తకమే ఆ నమ్మకం. దాచినదానికి ఇన్ని రెట్లని లెక్కగట్టి అప్పిచ్చారు. పొదుపు చిన్నదైతే అప్పూ చిన్నదే. అందువల్ల మోయలేని బరువు ఎవరి నెత్తినా పడలేదు.

పిక్కల కాలం, అప్పుల కాలం

2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అందరి నోటా సెర్ప్, వెలుగు పేరుతో ఆరు వెనకబడ్డ జిల్లాల్లో పని మొదలుపెట్టింది. రెండు మూడేళ్ళలో మిగతా జిల్లాలకూ పాకింది. అలా విశాఖ జిల్లాకు, అందులోని రోలుగుంట మండలానికీ వచ్చింది. 2022 ఏప్రిల్ 4 నుంచి ఈ మండలం అనకాపల్లి జిల్లాలో ఉంది.

నర్సీపట్నానికీ చోడవరానికీ మధ్య, ఒకవైపు వరి, చెరకు చేలు, మరోవైపు కొండలు, జీడితోటలు. కొండమీది గిరిజన గూడేల్లో కొన్ని షెడ్యూల్డ్ ప్రాంతం గీతకు బయట ఉండిపోయాయి. మన్యానికి ఉన్న రక్షణలు వాళ్ళకు లేవు, మైదానానికి ఉన్న రోడ్డూ లేదు. బ్యాంకు ఎప్పుడూ కొండ కిందే.

ఇక్కడ డబ్బుకు కాలాలున్నాయి. ఎండాకాలంలో జీడిపిక్కలు, ఉపాధి హామీ పని. చలికాలంలో చెరకు నరకడం, బెల్లం వండటం. ఖర్చు మాత్రం కాలం చూసుకుని రాదు. బడులు తెరిచే జూన్ నాటికి పిక్కల డబ్బు అయిపోతుంది. విత్తనాలు, ఎరువులు, వానాకాలం జ్వరాలు వరసగా వచ్చిపడతాయి. అప్పుడు వ్యాపారి దగ్గర చేసిన అప్పుకు వచ్చే ఏటి పిక్కలే జామీను. పిక్క రాలిన రోజున ధర చెప్పేది అతనే, తూకం వేసేది అతనే. తోట ఉన్నామె తన తోటలోనే కూలిమనిషవుతుంది.

ఆ ముడిని విప్పడానికి సంఘం అప్పు పదివేలైనా చాలు. జూన్‌లో ఆ డబ్బు చేతికొస్తే పిక్క తాకట్టు పడదు. ఏప్రిల్‌లో నలుగురిని ధర అడిగి, మంచి ధర చెప్పినవాడికి అమ్మవచ్చు. తోట పెరగలేదు, కాపు పెరగలేదు. బేరం చేసే ఓపిక మాత్రం పెరిగింది.

ఈ మండలంలో సంఘం కూర్చునే రోజున ఇలాంటి సంభాషణ వినడం కష్టం కాదు:

"ఏటమ్మా, పోయిన వారం రాలేదేటి?"

"పిక్కలేరడానికెళ్ళాను పిన్నీ. ఇదిగో, రెండు వారాలదీ ఒక్కసారే కట్టేస్తున్నాను. నాకు ఎనిమిది వేలు అప్పు కావాలి. పాప ఫీజుకి."

"మరి పాత అప్పో?"

"ఇంకా రెండు కిస్తీలున్నాయి."

కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ మౌనంలో లెక్క జరుగుతుంది. ఆమె మొగుడికి పని దొరుకుతోందా, పాప ఎన్నో ఏడు చదువుతోంది, పోయినసారి కిస్తీ ఎన్నాళ్ళు ఆలస్యమైంది. ఈ వివరాలు ఏ బ్యాంకు దరఖాస్తులోనూ ఉండవు. పక్కింటామెకు తెలుసు.

"అయితే ఆ రెండు కిస్తీలూ ముందు కట్టేయి. ఈ నెల నా వంతు అప్పు ఉంది కదా, నాను వచ్చే నెల తీసుకుంటాను. నువ్వు తీసుకో."

పుస్తకాలు రాసే యానిమేటర్ తీర్మానం రాస్తుంది, అందరూ సంతకాలు పెడతారు. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సంఘంలోనే అప్పులు, సకాలంలో తీర్చడం, పుస్తకం రాయడం. పంచసూత్రాలంటారు వీటిని. సంఘాల పైన గ్రామైక్య సంఘం, దాని పైన మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య. టి. విజయ్‌కుమార్ సారథ్యంలో సెర్ప్ కట్టిన ఈ మెట్ల వరసను చూసే 2011లో కేంద్రం దేశమంతటికీ జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ తెచ్చింది. ఐదు సూత్రాల్లోనూ సర్కారు ఇచ్చేది ఒక్కటీ లేదు. ఐదూ సభ్యులు చేయాల్సినవే.

పొదుపు అడగని అప్పు

2000 తర్వాతి పదేళ్ళలో అవే ఊళ్ళకు మరో రకం మనుషులు వచ్చారు. మోటారు సైకిలు, భుజాన సంచి, చేతిలో కాగితాలు. సూక్ష్మ రుణ సంస్థల ఏజెంట్లు.

"అక్కా, ఐదుగురు కలిసి ఒక జట్టు కట్టండి. వారంలో డబ్బు మీ చేతిలో ఉంటుంది."

"మా పొదుపు పుస్తకం చూపించాలా?"

"అవసరం లేదక్కా."

ఆ "అవసరం లేదు" అన్న మాట దగ్గరే కథ అడ్డం తిరిగింది. బంగ్లాదేశ్‌లో 1983లో గ్రామీణ బ్యాంకును నెలకొల్పిన మహమ్మద్ యూనస్‌కు 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. పేదవాళ్ళు అప్పు తీరుస్తారని ప్రపంచం నమ్మింది. వడ్డీవ్యాపారంలో లాభం చూసినవాళ్ళు ఆ నమ్మకాన్ని పెట్టుబడి చేసుకున్నారు. అన్నిటికంటే ముందు తెలుగు పల్లెల మీద పడ్డారు. సంఘాలు, కిస్తీలు, సంతకాలు అలవాటైన ఆడవాళ్ళు ఇక్కడ సిద్ధంగా ఉన్నారు. ఏళ్ళ తరబడి కష్టపడి నేర్చిన క్రమశిక్షణే ఎరకు దొరికింది.

ఒక సంస్థ అప్పు తీర్చడానికి రెండో సంస్థ, రెండోది తీర్చడానికి మూడోది. వారం వారం వసూలు. ఒకామె కట్టలేకపోతే మిగతా నలుగురి గుమ్మం ముందు ఏజెంటు కూర్చునేవాడు. సంఘంలో తోడున్న పక్కింటామె ఇక్కడ వసూలుదారుకు బంటుగా మారింది. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. సంస్థలు జిల్లాలో నమోదు చేసుకోవాలి, వారం వసూళ్ళు కుదరవు, ఇంటి మీదికి వెళ్ళకూడదు, అసలును మించి వడ్డీ లాగకూడదు. రాష్ట్రంలో ఆ వ్యాపారం ఒక్కసారిగా స్తంభించింది. మరుసటి ఏడు సమాఖ్యల భాగస్వామ్యంతో, సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థగా స్త్రీనిధి పుట్టింది.

పొదుపు అలవాటును నిలబెట్టిందా, చెరిపిందా అన్న కొలబద్ద సర్కారు సాయాలకూ వర్తిస్తుంది. 2004 తర్వాత వచ్చిన పావలా వడ్డీ, అంటే ఏడాదికి నూటికి మూడు, సకాలంలో కిస్తీ కట్టిన సంఘానికే దక్కేది. అది పొదుపు అలవాటుకు ఊతమైంది. ఎన్నికల ముందు మాఫీ మాట వినబడితే మాత్రం కట్టగలిగినామె కూడా ఆగి చూస్తుంది. ఆమెను తప్పుపట్టలేం. కానీ ఆ ఎదురుచూపులో సంఘం సమావేశాలు పలచబడతాయి, పుస్తకం రాత ఆగుతుంది. డబ్బు వచ్చినప్పుడు ఒక్కసారి వస్తుంది. పోయిన అలవాటు తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది.

పిల్లల వంతు

ఆ సంఘాల్లో దాచుకున్న తల్లుల పిల్లలు ఇప్పుడు పనికి వచ్చే వయసులో ఉన్నారు. వాళ్ళ కోసం వేరే పథకాలున్నాయి. 2014 సెప్టెంబరులో కేంద్రం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ప్రారంభించింది. పదిహేను నుంచి ముప్పై ఐదేళ్ళ గ్రామీణ పేద యువతకు శిక్షణ, ఆపైన ఉద్యోగం. ఉమ్మడి రాష్ట్రంలో అంతకు ముందే ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ ఈ దారి వేసింది. శిక్షణకు పంపాల్సిన పిల్లల్ని ఊళ్ళల్లో గుర్తించడంలో మహిళా సంఘాలకూ పాలుండేది. ఇక అనకాపల్లి జిల్లాలోనే అచ్యుతాపురం బట్టల కంపెనీలు ఉన్నాయి, వేలమంది ఆడపిల్లలు అక్కడ కుట్టుమిషన్ల ముందు కూర్చుంటున్నారు.

శిక్షణ ఉచితం, ఆపైన ఉద్యోగమూ చూపిస్తారు. అయినా కొందరు నెలా రెండు నెలల్లో ఇంటికి తిరిగొస్తారు. బద్ధకమని పెద్దలు తేల్చేస్తారు. లెక్క వేసి చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. మొదటి జీతం నెల గడిచాకే వస్తుంది. ఈలోపు గది అద్దె అడ్వాన్సు, మెస్సు డబ్బు, బస్సు చార్జీలు. పద్దెనిమిదేళ్ళ పిల్లవాడి జేబులో ఆ నెలకు సరిపడా లేకపోతే శిక్షణ, సర్టిఫికెట్టు ఏవీ వాడిని నిలబెట్టలేవు. అమ్మ సంఘంలో ఐదువేలు తీసి చేతిలో పెడితే నిలబడతాడు. జీతం అందాక తీరుస్తాడు.

ఇక్కడ ఆడపిల్లకూ మగపిల్లాడికీ తేడా ఉంది. ఆడపిల్ల రేపు తల్లిలాగే ఒక సంఘంలో చేరుతుంది. మగపిల్లాడికి అలాంటి కూడిక అలవాటు చేసినవాళ్ళు తక్కువ. జీతం రాకముందే వాడి ఫోన్లోకి అప్పుల యాప్ వస్తుంది. పొదుపు అడగదు, నిమిషాల్లో డబ్బు వేస్తుంది. తీర్చకపోతే ఫోన్లోని పేర్లన్నిటికీ వాడి పరువు తీసే సందేశాలు పంపుతుంది. 2020 తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ వేధింపులకు ప్రాణాలు తీసుకున్న యువకులున్నారు. మోటారు సైకిలు మీద వచ్చిన ఏజెంటే ఇప్పుడు జేబులోకి దూరాడు.

రోశమ్మ 2016లో కన్నుమూసింది. ఆమె తరం సాధించిన సంపూర్ణ నిషేధం నిలవలేదు. వాళ్ళు నేర్పిన వరస మాత్రం నేటికీ పనికొస్తోంది. రోలుగుంట లాంటి మండలంలో ఒక కుటుంబాన్ని నిలబెట్టాలనుకునే అధికారి గానీ, స్వచ్ఛంద సంస్థ గానీ ఎంత అప్పు ఇప్పించామన్న లెక్క దగ్గర ఆగిపోకూడదు. ఈ ఇంట్లో ఎవరి పేరు మీద పొదుపు ఉంది, ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉంది అన్నవే మొదటి ప్రశ్నలు కావాలి. శిక్షణ కేంద్రాల్లో మొదటి వారమే పిల్లల్ని పది పదిహేనుమంది చొప్పున జట్లు కట్టించి, వారానికి ఇరవై రూపాయలైనా దాచడం, పుస్తకం రాసుకోవడం, ఒకరి అవసరానికి మరొకరు తమ వంతు ఆపుకోవడం అలవాటు చేయవచ్చు. దానికి కొత్త బడ్జెట్టు అక్కర్లేదు. నేర్పేవాళ్ళు దొరకరన్న బెంగా లేదు. పిల్లల్ని అక్కడికి పంపిన తల్లుల్లో చాలామంది రెండు దశాబ్దాలుగా వారం వారం చేస్తున్న పని అదే.